బోటు ఇంజనులో కూలింగ్ నీళ్ళు చివరిదాకా దిగేలా డ్రెయిన్ మార్చుకోవడం ఎలా?

“డ్రెయిన్ ప్లగ్గు విప్పితే చుక్క నీళ్ళు రాలేదు. ఇంజను ఖాళీ అయినట్టేనా?” వేసవి దగ్గరపడి బోట్లు ఒడ్డుకు లాగే రోజుల్లో ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. సంగమేశ్వరం వైపు శ్రీశైలం వెనక జలాల్లో తిప్పేవాళ్ళు అడుగుతారు, అవుకు, గండికోటల్లో తిప్పేవాళ్ళూ అడుగుతారు. జవాబు ఒకటే: కాలేదు. నీళ్ళు లోపలే ఉన్నాయి. ప్లగ్గు వెనక ఒండ్రు గట్టిపడి దారి మూసుకుపోయింది, అంతే.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. ఈ పని మీద దొరికే వీడియోలు ఎక్కువగా చలి దేశాలవి. అక్కడ నీళ్ళు గడ్డకట్టి బ్లాకు పగులుతుందని భయం. అందుకే సన్నటి గొట్టాలన్నీ ఒకచోట కలిపి, ఒక్క నాబ్ తిప్పితే దిగిపోయేలా కిట్లు తయారు చేస్తారు. కర్నూల్లో, కడపలో నీళ్ళు గడ్డకట్టే ప్రసక్తే లేదు. మన తిప్పలు వేరు. తుంగభద్ర, కృష్ణ, పెన్నా వరదల్లో వచ్చే ఎర్ర ఒండ్రు ఒకటి, వేసవిలో నీళ్ళు వెనక్కి పోయాక బోటు నెలల తరబడి ఒడ్డున పడి ఉండడం ఇంకొకటి. ఆ కిట్టు ఇక్కడ పెడితే మొదటి వరదకే సన్న గొట్టాలు పూడిపోతాయి. మనకు కావలసింది వెడల్పుగా, పొట్టిగా, తీగ పెట్టి పొడవడానికి వీలుగా ఉండే డ్రెయిన్. కింద చెప్పేదంతా దానికోసమే.

మీ ఇంజను ఏ రకం?

నది నీళ్ళే నేరుగా బ్లాకులో తిరిగే రకమైతే ఈ మార్పు మొత్తం చేసుకోవాలి.

రేడియేటర్ మూతలాంటి మూత ఉండి, బ్లాకులో కూలెంట్ తిరుగుతూ, నది నీళ్ళు హీట్ ఎక్స్‌ఛేంజరు వరకే వచ్చే రకమైతే నది నీళ్ళ వైపు మాత్రమే చేయండి: పంపు, గేరుబాక్సు ఆయిల్ కూలరు, ఎక్స్‌ఛేంజరు. కూలెంట్ వైపు జోలికి పోవద్దు. దాన్ని ప్రతి వేసవిలో దించాల్సిన పని లేదు. దానికీ వాల్వు పెట్టుకోవాలనిపిస్తే విడిగా పెట్టుకోండి. నది నీళ్ళ డ్రెయిన్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు.

అవుట్‌బోర్డ్ మోటారు ఉన్నవాళ్ళకు ఇది అక్కర్లేదు. మోటారును నిలువుగా దించి ఉంచితే నీళ్ళు వాటంతట అవే కారిపోతాయి.

ప్రయాణికులను ఎక్కించే బోటు అయితే ఇంకో మాట. ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, 2021 కింద బోటుకు సర్వే ఉంటుంది. ఇక్కడ చెప్పే మార్పులో బోటు అడుగుకు రంధ్రం పెట్టేది ఏమీ లేదు. అయినా ఇంజను గదిలో ఏం మారుస్తున్నారో సర్వేయరుకు ముందే చెప్పండి.

కావలసినవి

మూడు, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజనుకు, మూడు డ్రెయిన్ పాయింట్ల లెక్కన:

- అర అంగుళం ఇత్తడి బాల్ వాల్వులు, ఫుల్‌బోర్: 3. వాల్వు తెరిచి లోపలికి చూస్తే రంధ్రం పైపంత వెడల్పు ఉండాలి. చవక వాల్వుల్లో బంతి రంధ్రం సగమే ఉంటుంది, ఒండ్రు అక్కడే ఆగుతుంది.
- అర అంగుళం ఇత్తడి టీలు (మూడు దారుల జాయింట్లు): 3, వాటికి డమ్మీ ప్లగ్గులు (ఒక దారి మూసేవి): 3
- ఇంజను రంధ్రం సైజుకు సరిపోయే రెడ్యూసింగ్ నిపుల్స్: 3
- 16 మిల్లీమీటర్ల గొట్టానికి సరిపోయే అర అంగుళం హోస్ నిపుల్స్: 6
- 16 మిల్లీమీటర్ల లోపలి వెడల్పున్న, లోపల గుడ్డ పొర ఉన్న రబ్బరు హీటర్ హోస్: 3 మీటర్లు
- స్టెయిన్‌లెస్ స్టీలు హోస్ క్లిప్పులు: 12
- ముప్పావు అంగుళం స్టీలు లేదా ఇత్తడి పైపు, 30 సెంటీమీటర్లు. దీనికి మూడు అర అంగుళం సాకెట్లు, రెండు చివర్లా మరలు పెట్టించాలి. లేత్ షాపులో చేస్తారు. ఇదే హెడరు, మూడు డ్రెయిన్ గొట్టాలూ వచ్చి కలిసేది.
- హెడరు ఒక చివరకు డమ్మీ, రెండో చివరకు గొలుసుతో కట్టిన మూత
- టెఫ్లాన్ టేపు, 3 మిల్లీమీటర్ల జీఐ తీగ ఒక మీటరు, వెర్నియర్, లీటర్ల గీతలున్న బకెట్

జీఐ నిపుల్స్ చవక కదా అని కొనొద్దు. రెండు సీజన్లకు తుప్పుపట్టి బ్లాకులోనే బిగుసుకుపోతాయి. ప్లాస్టిక్ వాల్వులూ, పారదర్శకంగా ఉండే పీవీసీ గొట్టమూ ఇంజను వేడికి మెత్తబడతాయి, వాటినీ పక్కన పెట్టండి.

పని చేసే వరుస

1. మార్చే ముందు కొలతలు రాసుకోండి. దీన్ని ఎవరూ చేయరు, చివర్లో బాధపడేది అందుకే. బోటు నీళ్ళలో ఉండగానే ఇంజను వేడెక్కేదాకా నడపండి. ఒక నిర్ణీత వేగం దగ్గర కూలింగ్ నీళ్ళు బయటపడే చోట బకెట్ పట్టి, 10 లీటర్లు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. అదే వేగంలో టెంపరేచర్ మీటరు ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. ఈ రెండు అంకెలూ ఇంజను మూత లోపలి వైపు మార్కరుతో రాయండి.

2. ఆపి, చల్లారనిచ్చి, నది నీళ్ళు లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వు మూయండి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి. బోటు ఇంకా నీళ్ళలోనే ఉంటే ఇన్‌టేక్ వాల్వే మీ ప్రాణాధారం. అది తెరిచి ఉండగా డ్రెయిన్ విప్పితే నది బోటులోకి వస్తుంది. వాల్వు మూశాక ముందు వడపోత జాలీ మూత తీసి చూడండి. నీటిమట్టం పైకి వస్తూ ఉంటే ఆ వాల్వు సరిగా మూసుకోవడం లేదు. బోటు ఒడ్డుకు లాగకుండా ఇక ముందుకు పోవద్దు.

3. నీళ్ళు నిలిచే చోట్లన్నీ వెతకండి. బ్లాకు పక్కన కింది భాగంలో ఒకటి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అడుగున ఒకటి, గేరుబాక్సు ఆయిల్ కూలరుకు ఒకటి ఉంటాయి. వీ ఆకారం ఇంజనైతే బ్లాకుకు రెండు వైపులా ఉంటాయి, ఒకవైపు విప్పి రెండోది మరిచిపోతారు. బోట్లలో ఇంజను వెనక్కి వాలి కూర్చుంటుంది. ఒడ్డున ముక్కు పైకి లాగి పెడితే ఆ వాలు ఇంకా పెరుగుతుంది. అందుచేత బ్లాకుకు ముందొకటి, వెనకొకటి ప్లగ్గులుంటే వెనకదే మీకు పనికొచ్చేది.

4. పాత ప్లగ్గులు విప్పండి. తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే పోసి ఉంచండి. ఆరు పలకల సాకెట్ వాడండి, స్క్రూ పానాతో అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. ముందు ఒక పిసరు బిగించే వైపు కదిలించి, తుప్పు పట్టు వదిలాక విప్పండి. తల విరిగితే అక్కడే ఆపేయండి. పడవలో కూర్చుని చేతి డ్రిల్లుతో తొలిస్తే బ్లాకు మరలు పోతాయి. అది మెకానిక్ పని, లేదా లేత్ షాపు పని.

కింద బకెట్ పెట్టి, వచ్చిన నీళ్ళు కొలవండి. కూలెంట్ గానీ, నూనె కలిసిన నీళ్ళు గానీ వస్తే డబ్బాలో పట్టండి. శ్రీశైలం నీళ్ళు వెలుగోడు మీదుగా చెన్నై దాకా తాగడానికి పోతాయి. పైగా కూలెంట్ తియ్యగా ఉంటుంది, ఒడ్డున మేసే మేకలూ, కుక్కలూ తాగితే చస్తాయి.

5. ఒండ్రు తీయండి. అసలు పని ఇదే, తొందరపడొద్దు. జీఐ తీగ కొనను అర సెంటీమీటరు వంచి, రంధ్రంలో పెట్టి తిప్పుతూ లాగండి. మొదట ముద్దలుగా ఎర్రమట్టి రాలుతుంది, తర్వాత చిక్కటి బురద కారుతుంది, ఆ తర్వాతే నీళ్ళు దూకుతాయి. ధార తగ్గగానే మళ్ళీ పొడవండి. ధార దానంతట అది పూర్తిగా ఆగేదాకా మూడు నాలుగుసార్లు ఇలా చేయాల్సి వస్తుంది. తర్వాత పైన థర్మోస్టాట్ దగ్గరి గొట్టం విప్పి, అక్కడి నుంచి మామూలు గొట్టంతో నీళ్ళు వదలండి. కింద తేటగా పడేదాకా వదలండి.

కంప్రెసరు గాలి ఎక్కువ ఒత్తిడితో కొట్టొద్దు, ప్యాకింగులు, కూలరు లోపలి గొట్టాలు దెబ్బతింటాయి. బాత్రూంలు కడిగే యాసిడ్ బ్లాకులో పోయడం ఇంకా ఘోరం. గారతో పాటు అల్యూమినియం హౌసింగును, కూలరు టంకాలను కూడా తినేస్తుంది.

కడగడానికి వదిలిన నీళ్ళు కాకుండా, ఇంజను నుంచి మొత్తం ఎన్ని లీటర్లు వచ్చిందో ఆ మూత మీదే రాయండి. ముందుముందు మీ డ్రెయిన్ పనిచేస్తోందో లేదో తేల్చేది ఈ అంకే.

6. మర ఏదో తేల్చండి. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మన కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, అనంతపురం హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే నీటి ఫిట్టింగులు బీఎస్‌పీ మర, అంటే బ్రిటిష్ పైపు మర. అమెరికా డిజైను ఇంజన్లకు ఎన్‌పీటీ, అంటే అమెరికా పైపు మర ఉంటుంది. కొన్ని ఇంజన్లకు మిల్లీమీటర్ల మర, రాగి వాషరుతో ఉంటుంది. విప్పిన ప్లగ్గును వెర్నియర్‌తో కొలిచి చూడండి:

- పావు అంగుళం: బీఎస్‌పీ సుమారు 13.2 మిల్లీమీటర్లు, ఎన్‌పీటీ 13.7
- మూడు ఎనిమిదులు: బీఎస్‌పీ 16.7, ఎన్‌పీటీ 17.1
- అర అంగుళం: బీఎస్‌పీ 21.0, ఎన్‌పీటీ 21.3

కొలత తేడా వెంట్రుకంతే కాబట్టి చుట్లు కూడా లెక్కపెట్టండి. మొదటి రెండు సైజుల్లో అంగుళానికి బీఎస్‌పీకి 19 చుట్లు, ఎన్‌పీటీకి 18. అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే, మర కోణం మాత్రం వేరు. అనుమానం ఉంటే థ్రెడ్ గేజి ఉన్న లేత్ షాపులో చూపించండి. తప్పు మర రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి, ఆ తర్వాత బిగుసుకుంటుంది. బిగిసింది కదా అనుకుంటాం. ఇంజను వేడెక్కాక కారడం మొదలవుతుంది, ఇంకా బిగిస్తే బ్లాకు అంచు పగులుతుంది.

ప్లగ్గు మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో ఉండి, కింద రాగి వాషరు ఉంటే అది ఎక్కువగా మిల్లీమీటర్ల మర. దానికి లేత్ షాపులో ఇత్తడి అడాప్టరు చేయించుకోండి: ఇంజను వైపు పాత ప్లగ్గు మరే, వాషరు కూర్చోడానికి చదునైన కాలరు, బయటి వైపు అర అంగుళం బీఎస్‌పీ ఆడ మర. కొత్త రాగి వాషరు వేయండి. దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది.

7. ఇంజను మీద టీ బిగించండి. టీ నేరు దారి బ్లాకు రంధ్రానికి ఎదురుగా ఉండాలి, పక్క దారి కిందికి చూడాలి. ఎదుటి చివరకు డమ్మీ వేయండి. దీనివల్ల లాభం: రేపు ఒండ్రు అడ్డుపడితే గొట్టాలేవీ కదిలించకుండా డమ్మీ ఒక్కటి విప్పి, తీగ నేరుగా బ్లాకులోకి దూర్చవచ్చు. టీ బదులు ఎల్బో పెడితే తీగ మలుపు దగ్గరే ఆగిపోతుంది.

టెఫ్లాన్ టేపు మర తిరిగే దిక్కులోనే మూడు నాలుగు చుట్లు చుట్టండి, కొనన ఉన్న మొదటి మర వదిలేయండి. లేకపోతే టేపు ముక్కలు తెగి వాల్వులోకి పోతాయి. సన్నగిల్లే మర అయితే చేత్తో ఎంత ఎక్కితే అంత ఎక్కించి, ఆ పైన పానాతో ఒకటిన్నర నుంచి రెండు చుట్లు చాలు. టీ కిందికి తిరగాలంటే ఇంకొంచెం ముందుకు తిప్పండి, వెనక్కి తిప్పొద్దు. వెనక్కి తిప్పిన జాయింటు కారుతుంది. అలా వెనక్కి తిప్పాల్సి వస్తే విప్పి, టేపు మార్చి మొదటి నుంచి బిగించండి.

8. హెడరును ఇంజను మీద కాదు, ఇంజను బెడ్డు పక్కన బోటు ఒంటికి బిగించండి. వాల్వులు, టీలు, పైపు అన్నీ కలిపి బ్లాకుకే వేలాడదీస్తే ఇంజను వణుకుకు నిపుల్ మొదట్లో విరుగుతుంది, ముఖ్యంగా ఒకటి, రెండు సిలిండర్ల ఇంజన్లలో. విరిగితే కూలింగ్ నీళ్ళన్నీ బోటులోకే. బ్లాకు మీద టీ, హోస్ నిపుల్ తప్ప ఏ బరువూ ఉండకూడదు. వణుకును గొట్టం మింగుతుంది.

హెడరు అన్ని డ్రెయిన్ రంధ్రాల కంటే కిందికి ఉండాలి. బయటికి పోయే చివర వైపు కొంచెం వాలు ఇవ్వండి. ఆ చివర బకెట్ పట్టే ఎత్తులో బోటు లోపలే ఉండాలి. దాన్ని బోటు పక్క చెక్కలోంచి బయటికి తీసే ఆలోచన పెట్టుకోవద్దు. నీటిమట్టానికి కింద పెట్టే ప్రతి రంధ్రమూ బోటు మునగడానికి ఒక దారి.

9. ప్రతి గొట్టానికీ దాని సొంత వాల్వు పెట్టండి. వాల్వు హెడరు సాకెట్ మీద, గొట్టం దాని మీద. “మూడు గొట్టాలూ కలిపి చివర ఒక్క వాల్వు చాలదా?” అని అడుగుతారు. చాలదు, కారణం ఇది. పంపు దాటిన చోట నీళ్ళకు ఒత్తిడి ఎక్కువ, ఇంజను తిరిగి బయటికి పోయే చోట తక్కువ. ఈ రెండు చోట్ల నుంచి తెచ్చిన గొట్టాలు అడ్డు లేకుండా కలిస్తే, నీళ్ళు సిలిండర్ల చుట్టూ తిరగడం మాని డ్రెయిన్ గొట్టాల్లోంచే అడ్డదారిన పోతాయి. బయటికి ఎక్కడా కారదు. నీళ్ళు బయటపడేది కూడా బాగానే ఉంటుంది. ఇంజను మాత్రం వేడెక్కుతుంది. థర్మోస్టాట్ మార్చి, పంపు మార్చి డబ్బులు తగలేశాక గానీ అసలు సంగతి తెలియదు.

గొట్టాలు పొట్టిగా, పై నుంచి కిందికి ఒకే వాలులో పోవాలి. మధ్యలో పొట్టలా కిందికి జారితే అక్కడ నీళ్ళు, ఒండ్రు నిలుస్తాయి. బెల్టుకు, ఎగ్జాస్ట్‌కు తగలకుండా చూడండి. ఇంజను వైపు చివరల్లో రెండేసి క్లిప్పులు, స్క్రూలు ఎదురెదురుగా ఉండేలా. వాల్వు పిడులు కాలు తగిలి తెరుచుకోకుండా కేబుల్ టైతో కట్టేయండి. ఇవన్నీ మూశాక హెడరు చివర మూత కూడా బిగించండి. వాల్వు కారినా మూత ఆపుతుంది.

10. పైన గాలి లోపలికి వచ్చే దారి పెట్టండి. గాలి రాకపోతే నీళ్ళు సగంలో వేలాడతాయి. థర్మోస్టాట్ హౌసింగు మీద ఖాళీ ప్లగ్గు ఉంటే దాని బదులు చిన్న కొళాయి బిగించండి. లేకపోతే దించే ప్రతిసారీ పై గొట్టం క్లిప్పు వదులు చేసి గొట్టం ఒక పక్క లేపితే సరిపోతుంది.

11. వాటర్‌లాక్ సైలెన్సరు (కూలింగ్ నీళ్ళు, పొగ కలిసి బయటికి పోయే డబ్బా) డ్రెయిన్‌ను దీంతో కలపొద్దు. అందులో పొగ ఉంటుంది, ఇంజనులోకి ఎదురు దారి దొరుకుతుంది. దానికి విడిగా ఒక కొళాయి పెట్టండి. ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఇంజను అందుకోక ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టినప్పుడు పంపు నీళ్ళు తోస్తూనే ఉంటుంది, తోసేయడానికి పొగ ఉండదు. సైలెన్సరు నిండి నీళ్ళు వెనక్కి సిలిండర్లలోకి వస్తాయి. అలాంటప్పుడు ఇన్‌టేక్ మూసి, ఈ కొళాయి తెరిచి ఖాళీ చేసి ప్రయత్నించండి. ఇంజను అందుకోగానే ఇన్‌టేక్ తెరవడం మరవొద్దు.

సరిగా కుదిరిందో లేదో చూసుకోవడం

అన్నీ మూసి, ప్రతి జాయింటు కింద పాత పేపరు ముక్క పరిచి, ఇన్‌టేక్ తెరిచి ఇంజను ఆన్ చేయండి. అర నిమిషంలో బయట నీళ్ళు పడాలి. పడకపోతే వెంటనే ఆపండి, లేదంటే పంపులో రబ్బరు ఇంపెల్లరు ఎండి చిరుగుతుంది. పావుగంట నడిచాక పేపర్లు తీసి చూడండి. తేమ చేతికి తెలియకపోయినా పేపరు మీద మరక కనబడుతుంది.

తర్వాత గొట్టాలు చేత్తో పట్టి చూడండి, బెల్టుకు దూరంగా. ఇంజను వైపు చివర వెచ్చగా ఉండి, వాల్వు దగ్గరికి వచ్చేసరికి చల్లబడాలి. గొట్టం పొడుగునా ఒకేలా వేడిగా ఉందంటే దాంట్లో నీళ్ళు పారుతున్నాయి, ఆ వాల్వు పూర్తిగా మూసుకోలేదు. విప్పి బంతి మీద గీతలున్నాయేమో, ఇసుక రేణువు ఇరుక్కుందేమో చూడండి.

మొదట్లో రాసుకున్న రెండు అంకెలు ఇప్పుడు తీయండి. అదే వేగంలో 10 లీటర్లు అదే సమయానికి నిండాలి, ముల్లు అదే చోట ఉండాలి. వేడి పెరిగితే అడ్డదారి ఎక్కడో ఉంది.

ఇంజను చల్లారాక ఇన్‌టేక్ మూసి, పై కొళాయి తెరిచి, కొత్త డ్రెయిన్‌తో దించి కొలవండి. పాత లెక్కకు అర లీటరు అటూ ఇటూ వస్తే పని కుదిరింది. రెండు లీటర్లు తక్కువొస్తే గొట్టంలో పొట్ట ఉంది, లేదా పై నుంచి గాలి రావడం లేదు, లేదా ఒండ్రు మిగిలి ఉంది. ఏదో తెలుసుకోవడానికి ఒక్కో గొట్టం విప్పి నోటితో ఊదండి. పై కొళాయి దగ్గర గాలి తగలాలి.

హెడరుకు కింద చోటు లేకపోతే

అడుగు లోతు లేని బోట్లలో ఇంజను దాదాపు అడుగుకు ఆనుకుని ఉంటుంది. అప్పుడు హెడరు మాట మరిచిపోండి. ప్రతి రంధ్రానికీ టీ, దాని పక్క దారికి పొట్టి బాల్ వాల్వు, దానికి మూత పెట్టి, కింద పల్చటి ట్రే జరపండి. టీ ఎదుటి చివర డమ్మీ ఇక్కడా ఉండాలి. నిపుల్ మీద బరువు పడకుండా వాల్వుకు చిన్న బ్రాకెట్ ఇవ్వండి. ట్రేలో నీళ్ళు స్పాంజితో తీయాల్సి వస్తుంది, చిరాకే, కానీ నమ్మకమైన పని. గొట్టాలు పైకి తీసి చేతి పంపుతో లాగే పద్ధతి చెప్పేవాళ్ళున్నారు. తేట నీళ్ళకు అది బాగుంటుంది, ఒండ్రుకు పనికిరాదు.

వేసవిలో బోటు ఒడ్డుకు లాగేటప్పుడు

లాగే ముందు లోపల తేట నీళ్ళతో కడగాలి. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు నింపి, పంపు ఇన్‌టేక్ గొట్టం అందులో ముంచి, ఇంజను నెమ్మదిగా నడపండి. డ్రమ్ము ఎన్ని నిమిషాలు వస్తుందో మీ బకెట్ లెక్కతో ముందే తెలుస్తుంది. నీళ్ళు అడుగంటకముందే ఇంజను ఆపేయండి. కొళాయి గొట్టాన్ని నేరుగా ఇన్‌టేక్‌కు తొడిగి, ఇంజను ఆపి ఉండగా నీళ్ళు వదలొద్దు. ఆ నీళ్ళు సైలెన్సరు నింపి సిలిండర్లలోకి పోతాయి. బోరు నీళ్ళు గారకడతాయన్న భయం ఉంటే కడిగిన వెంటనే దించేయండి, నిలవకపోతే గార అంతగా కట్టదు.

దించిన తర్వాత పంపు మూత విప్పి ఇంపెల్లరు బయటికి తీయండి. నెలల తరబడి ఒకే భంగిమలో వంగి ఉంటే రెక్కలు మళ్ళీ నిటారుగా రావు. కడిగి, ఎండ తగలని చోట పెట్టండి. తిరిగి వేసేటప్పుడు సబ్బు నీళ్ళు గానీ గ్లిజరిన్ గానీ రాయండి.

డ్రెయిన్ వాల్వులన్నీ తెరిచే ఉంచండి, లోపల ఆరుతుంది. హెడరు చివర మాత్రం ఊరికే వదిలేయొద్దు. కందిరీగ దాంట్లో మట్టిగూడు కడుతుంది, అది ఒండ్రు కంటే గట్టి. దోమతెర ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఇంజను తాళంచెవికి “డ్రెయిన్ తెరిచి ఉంది” అని రాసిన అట్టముక్క కట్టండి. జులైలోనో ఆగస్టులోనో నీళ్ళొచ్చాయని తొందరలో బోటు దించేది మీరే కాకపోవచ్చు, మీ దగ్గర పనిచేసే అబ్బాయి కావచ్చు.

వరద నీళ్ళలో తిప్పే రోజుల్లో పదిహేను రోజులకోసారి ఇంజను ఆపి, చల్లారాక, ఇన్‌టేక్ మూసి, బ్లాకు వాల్వు ఒక్కటి తెరిచి బకెట్‌లో పట్టండి. ధార పూర్తి వేగంతో దూకితే మూసేయండి. సన్నగా వస్తే డమ్మీ విప్పి తీగ పెట్టండి. కొత్తగా బిగించిన క్లిప్పులు మొదటి 10 గంటల నడక తర్వాత మరో అర చుట్టు తీసుకుంటాయి, అప్పుడు బిగించండి. గొట్టాన్ని ఏటా ఒకసారి నిపుల్ పక్కన వేళ్ళతో నొక్కి చూడండి. మెత్తగా పీచులా ఉన్నా, గట్టిగా పెళుసెక్కినా కొత్తది వేయండి.